నల్లరేగడి మీద ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. కట్టిన ఇంటికి పక్కన మరి రెండు గదులు కలిపి చూడు అని కూడా అని ఉంటే బాగుండేది. మా మేనత్తగారి కొడుకులిద్దరూ ఆ మాటను వీధి గుమ్మం మీద రాయించుకొని ఉండేవారు.

2022 మే నెలలో ఒక రాత్రి అత్తయ్య ఫోను చేసింది. "ఒరే అబ్బాయీ, తూర్పు గోడ బీట తీసింది. అది చాలదన్నట్టు మీ బావలిద్దరూ దాని గురించి పోట్లాడుకొని మాటలు మానేశారు. నాలుగు రోజులు వచ్చి వెళ్లు నాయనా" అన్నది. ఎనభై రెండేళ్ల మనిషి. తన కోసం రమ్మని ఎన్నడూ ఎవరినీ అడిగి ఎరగదు. మర్నాడే బయలుదేరాను.

అత్తయ్యగారి ఊరు సత్తెనపల్లికి దగ్గర. నేను వెళ్లటానికి సుమారు నెల ముందే, ఏప్రిల్ 4న, గుంటూరు జిల్లా నుంచి విడివడి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. అన్నదమ్ముల తగవు ఈ సీమకు కొత్తది కాదు. కోడిపందెంతో రాజుకొని కారంపూడి రణరంగం దాకా నడిచిన కథ మనందరికీ తెలిసిందే. మా బావల తగవు గోడతో రాజుకుంది, అంతే తేడా.

గుంటూరులో రైలెక్కి నల్లపాడు దాటితే మే నెలలో కిటికీలోంచి కనిపించేదంతా నల్లని నేలే. పత్తికట్టె పీకేసిన చేలు, ఎండి వరుగైన మిరప మోళ్లు, వాటి మధ్య ఎటు చూసినా నెర్రెలు. కొన్నిటిలో చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగేట్టున్నాయి. నేను వింతగా చూస్తుంటే ఎదుటి బల్ల మీది రైతు నవ్వాడు. "ఎండలకు నోరు తెరవటం, వానలకు మూయటం ఈ నేలకు అలవాటేనండీ. మనం దున్నకపోయినా తన్ను తానే దున్నుకుంటుంది" అన్నాడు. మాట బాగుందనుకున్నాను. అత్తయ్యగారి ఇంటి జబ్బంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నదని అప్పటికి నాకు తెలియదు.

ఆ ఇల్లు మా మామయ్యగారి తండ్రి 1938లో కట్టించినది. రాతి గోడలు, రెండడుగుల మందం, సున్నపు దరజులు, టేకు దూలాల మీద పెంకుల కప్పు. పునాది ఆరడుగుల లోతున తీయించారట. సున్నం పిడుగురాళ్ల బట్టీల నుంచి బండ్ల మీద వచ్చిందట. దొడ్లో దాన్ని రుబ్బిన గానుగ గాడి ఇప్పటికీ గుండ్రంగా కనిపిస్తుంది. 1967లో సాగరు కాలువలకు నీళ్లు వదిలారు. అంతదాకా వాన తప్ప దిక్కులేని ఊళ్లో చేతినిండా డబ్బు ఆడింది. 1986లో పెద్దబావ పెళ్లికని తూర్పు వైపున రెండు గదులు, స్నానాల గది కలిపారు. అవి ఇటుక, సిమెంటు, పైన స్లాబు. పునాది మూడడుగులు. "చిన్న గదులకు అంత లోతెందుకండీ" అన్నాడట అప్పటి మేస్త్రీ. తరవాత స్లాబు మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఎక్కింది.

బీట సరిగా పాతకూ కొత్తకూ అతుకు దగ్గర ఉంది. కింద గోరు దూరదు. పైకి పోయినకొద్దీ వెడల్పై, కప్పు దగ్గర చిటికెనవేలు దూరుతుంది. అక్కడి నుంచి ఒక పాయ కిటికీ మూల మీదుగా మెట్లు మెట్లుగా దిగింది. దాని చుట్టూ రంగురంగుల సిమెంటు మచ్చలు.

"ఏటా ఎండాకాలంలో మేస్త్రీని పిలిచి నింపిస్తూనే ఉన్నాను బావా" అన్నాడు పెద్దబావ, తప్పు చేసినవాడిలా. "సిమెంటు గట్టిగా దట్టిస్తాడు. వానలు తగ్గేసరికి దాని పక్కన ఇంకొకటి లేస్తుంది."

హైదరాబాదులో ఉండే చిన్నబావ అభిప్రాయం వేరు. ఇల్లంతా పడగొట్టి మూడంతస్తుల మేడ లేపాలని. ముసలి గోడలకు వైద్యం దండగ అని. అత్తయ్య అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఆమె నవారు మంచం ఆ గోడ పక్కనే ఉంది. మామయ్య పోయింది ఆ మంచం మీదే. దేవుడి గూడు ఆ గోడలోనే. పిల్లలు, మనవలు ఎవరు ఏ సంవత్సరం ఎంత ఎదిగారో తెలిపే పెన్సిలు గీతలన్నీ ఆ గోడ మీదే. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు గీయించుకున్న నా గీత కూడా అక్కడ ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు మూడుసార్లు గోడ మీది నుంచి పెచ్చు రాలిన చప్పుడైంది. శ్రీకాళహస్తి గాలిగోపురం గుర్తుకొచ్చింది. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల గోపురం. దాదాపు అయిదు వందల ఏళ్లు నిలిచి, 2010 మే 26 రాత్రి కుప్పకూలింది. అదీ బీటలు వారిన తరవాతే కూలింది. అంతటి గోపురమే నిలవనప్పుడు ఈ గోడ ఎంత అనిపించింది.

మర్నాడు పెద్దబావ నరసరావుపేట నుంచి ఒక ఇంజనీరుగారిని తీసుకొచ్చాడు. సాగరు కుడికాలువ మీద ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన లోపలికి వచ్చి మంచినీళ్లు తాగి, గోడ వంక ఒక్కసారి చూసి, నేరుగా దొడ్లోకి పోయారు. గంటసేపు నేలనే చూస్తూ ఇల్లు చుట్టూ తిరిగారు. వేపచెట్టు మొదలు నుంచి గోడ దాకా అడుగులు వేసి లెక్కపెట్టారు. స్నానాల గది నీళ్లు ఎటు పోతున్నాయో ఒక చెంబు పోయించి చూశారు. 

"గోడను చూడమని పిలిస్తే నేలను చూస్తాడేమిట్రా ఈయన?" అన్నది అత్తయ్య నా చెవిలో.

ఆయనకు వినపడింది. "గోడ నేల చెప్పినట్టు వింటుందమ్మా. అందుకని ముందు పెద్దదాన్ని పలకరించాను" అన్నారు.

తరవాత అరుగు మీద కూర్చోబెట్టి ఆయన చెప్పినది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. రేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను ఎక్కువ. అది సన్నని పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది. నీరు పోతే ముడుచుకుంటుంది. ఈ ఉబ్బూ తగ్గూ పైన ఎక్కువ, లోతుకు పోయినకొద్దీ తక్కువ. సుమారు మూడున్నర మీటర్ల కింద, అంటే పదకొండు పన్నెండడుగుల లోతున, తేమ ఏడాది పొడుగునా పెద్దగా మారదు. ఆరడుగుల లోతున కూర్చున్న పాత ఇల్లు కొద్దిగా కదులుతుంది. మూడడుగుల మీద కూర్చున్న కొత్త గదులు ఎక్కువగా కదులుతాయి. 

"ఒకే పడవలో ఇద్దరు కూర్చుంటే ఇద్దరూ కలిసే ఊగుతారు. మీరు చెరొక పడవలో కూర్చొని చేతులు కట్టేసుకున్నారు" అన్నారాయన. ఆ కట్టు ఏమిటంటే, 1986లో కొత్త ఇటుకలను పాత రాతి గోడలోకి పళ్లలాగా దూర్చి కట్టటం. గట్టిగా ఉంటుందని చేసిన పనే. ఎండాకాలంలో కొత్త గదుల తూర్పు అంచు కిందికి దిగుతుంది. అక్కడ వేపచెట్టు వేళ్లు నేలలోని చెమ్మనంతా పీల్చేస్తాయి. అంచు దిగినప్పుడు కొత్త గోడ బయటికి ఒరుగుతూ పాత గోడ పైపొరను వెంట లాగుతుంది. అందుకే బీట పైన వెడల్పు, కింద సన్నం. ఇక స్నానాల గది మూల సంగతి మరొకటి. అక్కడ ఏడాది పొడుగునా నీళ్లు ఇంకుతూ నేల ఉబ్బే ఉంటుంది. అంటే ఒక గదికే ఒక మూల పైకి, ఒక మూల కిందికి. కిటికీ మూలన మెట్ల బీట దానివల్లే.

"మరి నేను ఏటా నింపిస్తున్నది?" అన్నాడు పెద్దబావ.

ఆయన కొంచెం ఆగి చెప్పారు. "మేలో బీట బాగా తెరుచుకొని ఉన్నప్పుడు అందులో సిమెంటు దట్టిస్తారు. వానలకు నేల ఉబ్బి గోడ తిరిగి మూసుకుందామని వస్తుంది. మధ్యలో సిమెంటు అడ్డం. మొద్దు చీల్చేటప్పుడు మీరు చీలలో మేకు దిగ్గొడతారే, అది అలాంటి పనే చేస్తుంది. మూసుకోలేని గోడ పక్కన ఇంకోచోట విచ్చుతుంది. మళ్లీ మేలో మీరు దాన్నీ నింపుతారు."

పెద్దబావ ముఖం చూడలేకపోయాను. పదిహేనేళ్ల పాటు గోడను బాగుచేస్తున్నాననుకొని చీలుస్తూ వచ్చాడు.

అప్పుడు ఆయన లేచి గదిలోకి వెళ్లి, నిచ్చెన వేయించుకొని, అత్తయ్య మంచానికి సూటిగా పైన ఉన్న దూలం కొసను టార్చిలైటు వేసి చూశారు. కిందికి దిగి ఎవరితోనూ మాట్లాడకుండా మంచం పట్టుకొని అవతలికి లాగారు. దూలం గోడలోకి జానెడు ఆనుకొని ఉండవలసింది. గోడ పైపొర బయటికి పోగా మిగిలిన ఆనుడు రెండంగుళాలు. ఆ సాయంత్రమే సరుగుడు గుంజలు తెప్పించి, కింద పలక వేసి, దూలానికి దాపు నిలబెట్టారు. స్లాబు మీది ట్యాంకు ఖాళీ చేయించి కిందికి దింపించారు. వెయ్యి లీటర్ల నీళ్లంటే సరిగ్గా ఒక టన్ను బరువు. అన్నాళ్లూ అది గది నెత్తిన ఉన్నదని ఎవరికీ తోచలేదు.

అత్తయ్య మటుకు మంచం కదిపినందుకు రెండు రోజులు అలిగింది. "ఆయన పోయిన చోటు నాకూ చాలు" అన్నది. ఇంజనీరుగారు ఆమె ఎదుట కింద కూర్చొని, "ఒక్క ఏడాది అవతల పడుకోండమ్మా. మంచం మళ్లీ ఇక్కడే వేయిస్తాను" అన్నారు. ఆయన మాట మీద ఒప్పుకుంది.

మిగిలిన మరమ్మతు వెంటనే మొదలుపెడతారని మేమంతా అనుకున్నాం. ఆయన మొదలుపెట్టలేదు. "ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దీన్ని చూడాలి. కదులుతున్న బీటకు ఒక మందు, కదలక ఆగిపోయినదానికి ఒక మందు" అన్నారు. సన్నని గాజు పలకలు మూడు తెప్పించి బీటకు అడ్డంగా రెండు కొసలా సిమెంటుతో అతికించారు. గోడ కదిలితే గాజు పగులుతుంది. బీట అంతమయ్యే చోట పెన్సిలుతో చిన్న గీత గీసి తేదీ వేశారు. అత్తయ్యకు స్కేలు ఇచ్చి, నెల మొదటి తారీకున బీట వెడల్పు కొలిచి గోడ మీద రాయమన్నారు. మనవల గీతల పక్కన బీట గీతలు మొదలైనాయి.

ఎంత వెడల్పైతే భయపడాలి అని నేను అడిగాను. బ్రిటనులోని భవన పరిశోధన సంస్థవారు ఇందుకు తరగతులు ఏర్పరచారట. ఒక మిల్లీమీటరు లోపుది వెల్ల వేసేటప్పుడు సరిచేసుకోవచ్చు. అయిదు దాకా పూత పనితోనూ, బిగుసుకున్న తలుపులు చిత్రిక పట్టడంతోనూ పోయేది. అయిదు నుంచి పదిహేను వరకు అక్కడక్కడ గోడ విప్పి కట్టాలి. పదిహేను దాటితే గోడలో పెద్ద భాగాలే మార్చాలి. ఇరవై అయిదు దాటితే ఇంటి నిలకడకే ముప్పు. "కాని వెడల్పు ఒక్కటే చూడకూడదు" అన్నారాయన. బీట గోడకు అవతలి వైపు కూడా కనిపిస్తోందా, పైనా కిందా వెడల్పులో తేడా ఉందా, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుంటున్నాయా, దూలం కొస జారిందా - ఇవి చూసుకోవాలి. వెల్లలో సాలెగూడులా కనిపించే సన్నని గీతలను చూసి నిద్ర మానుకోనక్కర్లేదు.

వేపచెట్టు కొట్టించేద్దామన్నాడు పెద్దబావ. అదీ వద్దన్నారు. ముప్ఫై ఏళ్లుగా ఆ చెట్టు తాగుతున్న నీరంతా ఒక్కసారిగా నేలలో నిలిచిపోతే ఆ నేల ఉబ్బి గదులను పైకి ఎత్తుతుంది. కొమ్మలు కొంత కొంతగా ఏటా తగ్గించమన్నారు. ఆకు తగ్గితే దాహమూ తగ్గుతుంది.

అక్టోబరులో మళ్లీ వెళ్లాను. అదే రైలు, అవే చేలు. కాని నేల మీద ఒక్క నెర్రె లేదు. పత్తి పచ్చగా నడుమెత్తున ఉంది. ఇంటికి వెళ్లేసరికి మూడు గాజు పలకల్లో రెండు పగిలి ఉన్నాయి. మేలో చిటికెనవేలు దూరిన చోట ఒక రూపాయి బిళ్ల అంచు మాత్రమే దూరింది. అత్తయ్య తన రాతలన్నీ చూపించింది. గోడ ఊపిరి తీసినట్టుగా నెలనెలా అంకెలు తగ్గుతూ వచ్చాయి. ఇంతలో చిత్రం మరొకటి జరిగింది. చిన్నబావ ప్రతి ఒకటో తారీకున హైదరాబాదు నుంచి ఫోను చేసి, "ఈ నెల ఎంత?" అని అడగటం మొదలుపెట్టాడు. మొదట్లో తల్లిని అడిగేవాడు. అత్తయ్య ఒకనాడు కళ్లజోడు కనపడలేదని ఫోను పెద్దకొడుకు చేతికిచ్చింది. కళ్లజోడు ఆమె కొంగుకే ముడివేసి ఉన్నదని పెద్దబావ నాతో రహస్యంగా చెప్పాడు.

పడగొట్టి కట్టే విషయం చిన్నబావ ఇంజనీరుగారినే అడిగాడు. "కట్టండి. కాని మేడైనా లేచేది ఈ రేగడి మీదే గదా" అన్నారాయన. కొత్తగా కట్టేవారికి ఈ నేలలో మంచి దారి ఉన్నది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు మన దేశంలో బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. కదలని లోతు దాకా గుండ్రని గుంట తవ్వి, దాని అడుగున మొదలు కంటే రెండున్నర రెట్లు వెడల్పుగా ఉబ్బెత్తు గడ్డలా తొలిచి, ఇనుముతో కాంక్రీటు పోస్తారు. ఉల్లిగడ్డ మీద కాడ నిలిచినట్టుంటుంది. పైనేల ఉబ్బినా ముడిచినా ఇల్లు దానిమీద నిశ్చింతగా కూర్చుంటుంది. ఖర్చు లెక్క వేసుకున్న తరవాత చిన్నబావ, "ముందు ఈ గోడ సంగతి చూద్దాం" అన్నాడు.

2023 మే అంకెలు కూడా చూశాక, 2024 సంక్రాంతి వెళ్లగానే పని జరిగింది. ముందు నేల పని. స్నానాల గది నీళ్లను గొట్టం వేసి దూరాన వీధి కాలువలోకి తిప్పారు. ఇంటి చుట్టూ ఆరడుగుల వెడల్పున రేగడి తీసేసి, ఉబ్బని మొరం దట్టించి, పైన బయటికి వాలుగా నాపరాళ్లు పరిచారు. రేగడి నేలలో కాలువలకు తాపడం వేసేటప్పుడు కింద ఉబ్బని మట్టి పరిచే అలవాటు తమ శాఖలో ఉన్నదని చెప్పి, "ఇల్లూ ఒక కాలువే అనుకోండి" అన్నారాయన. గోడల చెంత నేల ఇక ఒక్కసారిగా తడవదు, ఒక్కసారిగా ఎండదు.

ఆ తరవాత గోడ పని. పాత గోడలోకి దూర్చిన ఇటుక పళ్లన్నీ కోసి, పాతకూ కొత్తకూ మధ్య పైనుంచి కింది దాకా అంగుళం సందు వదిలారు. ఆ సందులో మెత్తని పూరకం పెట్టి, పైన ఒక రేకు పట్టీ కప్పారు. పట్టీకి మేకులు ఒక్క వైపే. రెండో వైపు గోడ తన ఇష్టం వచ్చినట్టు కదలవచ్చు. పాత గోడలోని సిమెంటు మేకులన్నీ తవ్వి తీసి, బీటకు అటూ ఇటూ ఆనేట్టు పొడుగు రాళ్లు అడ్డంగా పెట్టి సున్నంతో కుట్టారు. దూలం కొస కింద వెడల్పాటి రాయి చేర్చారు. సున్నం పనికి ఒక ముసలి మేస్త్రీ దొరికాడు. పిడుగురాళ్ల సున్నమే తెప్పించి పది రోజులు నానబెట్టాడు. "సిమెంటు మొండిదండీ, విరుగుతుంది గాని వంగదు. సున్నం కొంచెం సర్దుకుపోతుంది" అన్నాడు. నిజమేనన్నారు ఇంజనీరుగారు. సున్నపు దరజులో సన్నని పగుళ్లు పడితే, తేమకు సున్నమే కొంత కరిగి మళ్లీ వాటిని పూడుస్తుందట.

ఖర్చు లక్షల్లోనే అయింది. కాని కొత్త మేడకు వేసుకున్న లెక్కలో ఇది ఒక మూల. అన్నదమ్ములిద్దరూ సగం సగం పెట్టుకున్నారు.

2025 మేలో ఎండలు ముదిరాక మళ్లీ ఒకసారి సత్తెనపల్లి రైలెక్కాను. చేలలో నెర్రెలు యథాప్రకారం నోరు తెరుచుకొని ఉన్నాయి. అత్తయ్య మంచం పాత చోటనే ఉంది. ఇంజనీరుగారు ఒక్క ఏడాది అన్నది రెండేళ్లు పట్టినందుకు ఆయన మీద ఇంకా కోపంగానే ఉంది. గోడ మీద కొత్త పగులు లేదు. రేకు పట్టీ అంచున మాత్రం సన్నని నల్లగీత కనిపించింది. నాకు గుండె ఝల్లుమంది.

"అత్తయ్యా, మళ్లీ తెరుచుకుంటున్నట్టుందే?" అన్నాను.

అత్తయ్య కొంగున ఉన్న కళ్లజోడు విప్పి పెట్టుకొని, దగ్గరికి వచ్చి చూసి, పెన్సిలుతో తేదీ వేసింది.

"అది బీట కాదురా, సందు. తెరుచుకోవటానికే పెట్టించాం. వానలు పడనీ, అదే మూసుకుంటుంది" అన్నది. "నువ్వు ఇటు వచ్చి గోడకు ఆనుకొని నిలబడు. నీ గీత గీసి చాలా ఏళ్లయింది."